వంతు తప్పిన బండి

జోగి ఏ వస్తువునీ విప్పి చూడకుండా నమ్మేవాడు కాదు. పెళ్లయిన వారానికే అత్తగారి కుట్టుమిషను విప్పాడు. మళ్లీ బిగించాడు, అది కుట్టింది కూడా. అయినా ఆవిడ ఆ తరవాత అల్లుడు వస్తున్నాడంటే రేడియో తీసి బట్టల పెట్టెలో దాచేది. భార్య సుధామణి ఈ సంగతి నవ్వుతూ చెప్పేది గాని, గోడ గడియారం మాత్రం అతని చేతికి అందనంత ఎత్తున కట్టించుకుంది.

మా పేట మింగళ తౌంగ్‌న్యున్, రైలు స్టేషనుకి దగ్గర. ఇప్పుడు యాంగోన్ అంటున్న ఊరిని మా పెద్దలు రంగం అనేవారు, మాకూ అదే అలవాటు. మా తాతలు విశాఖపట్నం, బరంపురం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో బస్తాలు మోసినవాళ్లు. మా తరానికి వచ్చేసరికి కొందరికి లారీలు అమరాయి. లారీలు నిలబెట్టే చోటుని ఇక్కడ గేటు అంటారు. మా గేటులో జోగికి ఒక బండి, రత్నానికి ఒకటి, మంగాయమ్మకి ఒకటి, నాకు ఒకటి, ఇంకా తెలుగువాళ్లవీ బర్మావాళ్లవీ మరికొన్ని ఉండేవి. నా పేరు వెంకటరాజు. జోగి నాకు వరసకి బావ. అతను బతికినన్నాళ్లూ అతనితో వాదించింది నేనే కాబట్టి అతని గురించి చెప్పే హక్కు నాకున్నంత ఇంకెవరికీ లేదని నా నమ్మకం.

వాదన అంతా సిలిండర్ల గురించి. మావి ఆరు సిలిండర్ల డీజిలు బళ్లు. దేశం తలుపులు మూసుకుని కూర్చున్న కాలం అది. బయటినుంచి సామాను రాదు. సర్కారు కోటాలో ఇచ్చే డీజిలు వారంలో సగానికి మించి చాలదు. మిగతా సగం గేటులో కూర్చుని టీ తాగడమే పని. అలా కూర్చున్న ఒకరోజు జోగికి అనుమానం వచ్చింది. ఖాళీ బండికీ సగం లోడు బండికీ ఆరు సిలిండర్లూ ఎందుకు, నాలుగు చాలవా అని. అనుమానం వస్తే ఆగే మనిషి కాదు. రెండు సిలిండర్ల వాల్వులు తెరిచే కడ్డీలు తీసేసి, వాల్వులు మూసుకునే ఉండేలా చేశాడు. వాటికి వెళ్లే డీజిలుని సన్నటి రాగి గొట్టంతో మళ్లీ టాంకులోకే మళ్లించాడు. బండి కాస్త వణికింది, గొంతు మారింది, కానీ నడిచింది. ఆ వారం కోటా మరో రెండు రోజులు వచ్చింది.

మర్నాడు గేటంతా అతని బండి చుట్టూ ఉంది. నేను మాత్రం దూరంగా నిలబడి తల అడ్డంగా ఊపాను. ఇంజిను తయారుచేసినవాడు ఆరు పెట్టాడంటే ఊరికే పెట్టడు కదా. రెండు పనిచేయకపోతే తిరగడంలో తేడా వస్తుంది, ఆ అదురు క్రాంకుకి తగులుతుంది, బేరింగులు పోతాయి, ఊరుకున్న సిలిండరులోకి కిందినుంచి ఆయిలు ఎక్కుతుంది. ఇవాళ మిగిల్చిన డీజిలు రేపు ఇంజిను రూపంలో పోతుంది. ఇదీ నా పాయింటు. జోగి ప్రతిదానికీ ఒక ప్రశ్న వేసేవాడు. అదురు తగులుతుందని ఎలా తెలుసు? ఆయిలు ఎక్కితే ఎంత ఎక్కుతుంది? ఎక్కినది ఏమవుతుంది? పక్కనే ఊ సాన్ ట్వే అనే బర్మా ఆయన ఉండేవాడు. అతనిది యుద్ధకాలం నాటి పెట్రోలు లారీ. తనూ ఒక ప్లగ్గు వైరు పీకి చూశాననీ, పెట్రోలు ఏమీ మిగలకపోగా ఇంజినే పాడయిందనీ చెప్పేవాడు. పెట్రోలు ఇంజినులో ప్లగ్గు పీకినా పెట్రోలు లోపలికి పోతూనే ఉంటుంది, డీజిలు సంగతి వేరు అని జోగి అతనికి వెయ్యోసారి చెప్పేవాడు. ఊ సాన్ ట్వే తలూపి, మరో రోజు మళ్లీ అదే కథ మొదలుపెట్టేవాడు.

నా బండి ఆరు సిలిండర్ల మీదే నడిచింది. అంటే వారంలో మూడు రోజులు నడిచింది. గేటులో అందరికంటే మంచి ఇంజిను నాదే, ఎందుకంటే అది అందరికంటే తక్కువ బయటికి వెళ్లేది. ఈ మాట మొదట అన్నది జోగే. నాకు ఒళ్లు మండింది.

అతనికీ లోపల ఒక బెంగ ఉండేది. మూసిన రెండూ మూసినట్టే ఉంటే పాడవుతాయా అని. దానికి అతనికి దొరికిన జవాబు మా తాతల దగ్గరిది. జోగి తాత రేవులో మేస్త్రీ. ఆయన గ్యాంగులో ఆరుగురుంటే నలుగురు మోసేవారు, ఇద్దరు నీడన కూర్చునేవారు. ఆయన ‘వంతు’ అని కేక వేయగానే కూర్చున్నవాళ్లు లేచేవారు, మోసినవాళ్లలో ఇద్దరు కూర్చునేవారు. ఎవడూ ఎప్పుడూ మోస్తూనే ఉండకూడదు, ఎవడూ ఎప్పుడూ కూర్చునే ఉండకూడదు. మా పేటలో ఇది రేవుతో పోలేదు. గుడి ఊడ్చడం వంతు, కుళాయి దగ్గర వంతు, అమ్మవారి పండగకి డప్పు మోయడం వంతు. వంతు తప్పినవాణ్ణి మనిషిగా చూసేవారు కాదు. అందుకని జోగి సిలిండర్లకి కూడా వంతు పెట్టాడు. ఒకటీ ఆరూ ఒక జత, రెండూ అయిదూ ఒక జత, మూడూ నాలుగూ ఒక జత. అమావాస్యనాడు మావాళ్లెవరూ బండి తీయరు. ఆ రోజు జత మార్చాలి. కూర్చున్న రెండూ లేస్తాయి, మోసినవాటిలో రెండు కూర్చుంటాయి.

ఈ మాట విన్న రోజున మా తెలుగువాళ్లంతా ఒక్కసారిగా ఒప్పుకున్నారు. నాలుగు సిలిండర్ల మీద అనుమానం ఉన్నవాళ్లకి కూడా వంతు మీద అనుమానం లేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆ భాగం న్యాయంగానే తోచింది. రత్నం మర్నాడే తన బండికి చేయించుకున్నాడు. ఆ వెనకే మంగాయమ్మ. ఏడాది తిరిగేసరికి గేటులో సగం బళ్లు జోగి మాట మీద నడుస్తున్నాయి.

మంగాయమ్మ భర్త పోయాక బండి అమ్మకుండా నిలబెట్టుకున్న మనిషి. నాకూ జోగికీ వదిన వరస, బర్మావాళ్లకి డా మంగా. ఆమె డ్రైవరు పేరు దేముడు, ఊరి చివర మింగళాడోన్ వైపు ఉండేవాడు. అమావాస్యకి ముందురోజే బండి తీసుకుని వెళ్లి, అక్కడ తన తమ్ముడింటి దగ్గర జత మారుస్తానని చెప్పి, మర్నాడు సాయంత్రానికి తెచ్చేవాడు. జోగి ప్రతిసారీ ఆమె గుమ్మంలోకి వెళ్లి మార్చారా అని అడిగేవాడు. ఆమె మార్పించినానయ్యా అనేది. అతను తృప్తిగా తిరిగొచ్చేవాడు. ఏళ్లపాటు ఇలాగే జరిగింది.

ఎనభై ఎనిమిదిలో సర్కారు మీద ఊరు లేచింది. ఆగస్టులో రోడ్లన్నీ జనమే. ఆఫీసులు, రేవు, మిల్లులు అన్నీ ఆగిపోయాయి. పేటలవాళ్లు సందు చివర వెదురు కంచెలు కట్టుకుని, ఎవరు వచ్చినా ఎవరింటికని అడిగి గాని లోపలికి వదలడం లేదు. కాపలా కూడా మా పేటలో వంతులవారీగానే, అది వేరే చెప్పక్కరలేదు. ఆ రోజుల్లోనే రత్నం సంచౌంగ్‌లో బియ్యం దింపి వస్తుండగా అతని బండి నీలంపొగ కక్కి, రెండుసార్లు దడదడలాడి ఆగిపోయింది. దాన్ని తాళ్లు కట్టి ఇంకో బండితో లాక్కొచ్చారు. రత్నం దిగి తిన్నగా జోగి దగ్గరికి వచ్చాడు.

“నీ మాట ఇని సేసినాను బావా. అమాస తప్పకుండా మార్సినాను. ఇప్పుడు నా పిల్లల్నేటి సెయ్యమంటావో నువ్వే సెప్పు.”

నేను అనగలిగేవాణ్ణి, ఇన్నాళ్లూ చెబుతున్నానుగా అని. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ జోగి ముఖం చూసి మింగేశాను.

ఆ తరవాత వారం రోజులు గేటులో ఇదే గొడవ. బళ్లు కదిలే దారి లేదు, మాట్లాడడానికి బోలెడంత సమయం. రత్నం ఆయిలు సరిగ్గా మార్చలేదని కొందరు, ఏ బండైనా అంతకాలమే వస్తుందని కొందరు, మిగతా బళ్లకీ ఇదే గతి పడుతుందని నేను. ఎవరి మాట నిజమో తేలాలంటే వంతు సరిగ్గా నడిచిన ఇంజిను ఒకటి విప్పి చూడాలి. రత్నం బండి ఎలాగూ దడదడలాడి చితికింది, దాన్ని చూసి ఏదీ చెప్పలేం. నడుస్తున్న ఇంజిను విప్పాలి. చిక్కల్లా గాస్కెట్ దగ్గరే. సిలిండర్ల పైమూతని హెడ్డు అంటారు, దాన్ని ఒకసారి ఎత్తితే కింద అతుకులా ఉండే గాస్కెట్ మళ్లీ పనికిరాదు, కొత్తది దేశంలో ఎక్కడా దొరకదు. విప్పినవాడి బండి విప్పినట్టే ఉండిపోతుంది. తెలుసుకోవాలని అందరికీ ఉంది, ఇంజిను ఇచ్చేవాడు లేడు.

జోగి ఇస్తానన్నాడు.

సుధామణి ఆ రోజు మా ఇంటికి వచ్చి నన్ను నిలదీసింది. నువ్వు రెచ్చగొట్టబట్టే కదా అంది. నేను నిజంగానే వెళ్లి వద్దని చెప్పాను. ఇన్నాళ్లూ తప్పని వాదించినవాణ్ణి ఆ రోజు నీదే రైటు అని కూడా అనేశాను, మానుకుంటాడేమోనని. అతను నవ్వాడు. నాకు తెలుసుకోవాలనుందని అతను అనలేదు, అంటే తిట్టేవాణ్ణి. తన మాట మీద అన్ని బళ్లు నడుస్తున్నాయి, తప్పయితే అవి పాడవకముందే చెప్పాలి, దానికి ఇంకో దారి ఉంటే నువ్వు చెప్పు అన్నాడు.

వాన పడుతూ ఉంది. బండి ముందు టార్పాలిన్ కట్టి, దూలానికి గొలుసు వేసి హెడ్డు పైకి లాగారు. గేటువాళ్లం అందరం తలలు దూర్చాం. ముందు కనిపించింది అప్పటికి వంతులో కూర్చున్న జత. పిస్టన్ల మీద జిగురులా తారులా నల్లటి ఆయిలు, గోరుతో గీకితే మందంగా వచ్చింది. జోగి ఆ రెండింటినీ వదిలి, పనిచేస్తున్న నాలుగింటిలో వేలు పెట్టి గోడల వెంట నెమ్మదిగా తిప్పాడు. తరవాత నా చేయి పట్టుకుని నా వేలు పెట్టించాడు. గీతలు తగిలాయి. ఒక్కదానిలో కాదు, నాలుగింటిలోనూ. ఆయిలు తుడిచి చూస్తే కూర్చున్న రెండింటిలోనూ అంతే. ఆరింటికి ఆరూ గీతలు పడి, సమానంగా అరిగి ఉన్నాయి. ఇంజిను బోరుకొచ్చేసింది, అంటే సిలిండర్లని మళ్లీ తొలిపించాల్సిందే.

వాదన నేను గెలిచాను. అంత బాధ నాకు మా నాన్న పోయిన రోజున కూడా కలగలేదు. జోగి మాత్రం ఆ మధ్యాహ్నమంతా ఆ ఇంజిను మీద బోర్లా పడుకుని టార్చిలైటుతో చూస్తూనే ఉన్నాడు. మసి గీకి వేళ్ల మధ్య నలిపాడు, వాసన చూశాడు. చివరికి లేచి నాతో అన్నాడు.

“మనిషి కూకుంటే బలమొస్తాది. ఇనుము కూకుంటే మడ్డి పడతాది. దాన్ని మళ్లీ పనిలో పెట్టినాక ఆ మడ్డి కాలి రాయిలాగ అవుద్ది, అదే గీరీసినాది. మా తాత కూలోళ్లకి సెప్పిన మాట నేను తెచ్చి ఇనుముకి సెప్పినాను, బావా.”

ఆ బండి మళ్లీ రోడ్డెక్కడానికి మూడేళ్లు పట్టింది. సరిహద్దు వర్తకం తెరిచాక గాని దానికి గాస్కెట్ దొరకలేదు.

ఇంతలో సైన్యం వచ్చింది. కాల్పులయ్యాయి. కంచెలు తీసేశారు, అందరూ పనుల్లోకి రావాలని రేడియోలో చెప్పారు. బళ్లు మళ్లీ కదలబోతున్నాయి. అవి కదిలేలోపే చెప్పాలని జోగి ఇల్లిల్లూ తిరిగాడు. ఒక్కణ్ణి పంపడం ఇష్టంలేక నేనూ వెళ్లాను. గుమ్మంలో నిలబడి, నేను చెప్పింది తప్పు, నీ ఇంజినుకి హాని చేశాను అని చెప్పేవాడు. కొందరు కూర్చోమన్నారు, కొందరు అనలేదు. రత్నం తలుపు తీసి, విని, మళ్లీ వేసేశాడు.

ఆఖరున మంగాయమ్మ ఇంటికి వెళ్లాం. ఆమె బియ్యం చెరుగుతోంది. జోగి అదే మాట చెప్పాడు. భర్త లేని మనిషి బండి పాడుచేశానని కూడా అన్నాడు. ఆమె చేట కింద పెట్టి, లేచి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

“నా బండికేటీ అవలేదు, జోగీ. నేను వంతు ఏనాడూ మార్సనేదు.”

ఆమె నేలకేసి చూస్తూ మిగతాది చెప్పింది. మొదట్లో మూసిన ఒకటీ ఆరూ ఆ రోజునుంచీ మూసే ఉన్నాయి. జత మార్చాలంటే పూటంతా బండి ఆపాలి. అమావాస్యనాడు తెలుగువాళ్ల బళ్లేవీ తిరగవు కాబట్టి పజౌండౌంగ్ బియ్యం మిల్లువాళ్లు ఆ ఒక్కరోజు ఎవరొచ్చినా లోడు ఇచ్చేవారు. ముందురోజే బండి మింగళాడోన్ చేరేది, తెల్లారి అక్కణ్ణుంచే మిల్లుకి వెళ్లేది. ఆ ఒక్క లోడు మీదే ఆమె ఇల్లు నెలలో సగం గడిచింది. భర్త పోయిన ఆడది అమావాస్యనాడు బండి తీస్తోందని తెలిస్తే పేటలో గుడిమెట్లు ఎక్కనిస్తారా అని భయపడి దాచింది. జోగి అంత ఇదిగా వచ్చి అడుగుతుంటే కాదనలేక అబద్ధం చెప్పింది.

నేను జోగి ముఖం చూశాను. కోపం వస్తుందనుకున్నాను. అతని కళ్లు మెరుస్తున్నాయి. ఇంజిను ఎలా ఉందని అడిగాడు. పొగ ఉందా, ఆయిలు తాగుతోందా, ఎత్తు ఎక్కేటప్పుడు గొంతు ఎలా ఉంటుందని వరసపెట్టి అడిగాడు. వెళ్లి ఇంజిను స్టార్టు చేసి, దాని మీద చెవి పెట్టి విన్నాడు. పొగ లేదు, దడ లేదు. నాలుగూ శుభ్రంగా మోస్తున్నాయి. కూర్చున్న రెండూ కూర్చునే ఉన్నాయి కాబట్టి వాటి మడ్డి వాటిలోనే ఉండిపోయి ఎవరినీ గీరలేదు. అంటే మిగతా బళ్లని కూడా ఇలాగే ఒక జత మూసేసి మరి ముట్టుకోకపోతే ఉన్నంతవరకు నిలబెట్టుకోవచ్చు. దారిలో అతను ఈ మాట నాకు చెబుతూ ఎంత వేగంగా నడిచాడంటే నాకు ఆయాసం వచ్చింది.

మర్నాడు పొద్దున గేటులో అందరినీ కూడేశాడు. జత మార్చకండి, ఒక్క జతనే మూసి ఉంచండి, బళ్లు దక్కుతాయి అన్నాడు. రత్నం వెనకనుంచి అడిగాడు, నీకెలా తెలుసు, ఇది కూడా మీ తాత చెప్పాడా అని. నలుగురు నవ్వారు.

జోగి రుజువు చూపించమని ప్రపంచాన్నంతా వేధించిన మనిషి. ఆ రోజు రుజువు అతని చేతిలోనే ఉంది, పక్క వరసలో మంగాయమ్మ బండి రూపంలో నిలబడి ఉంది, పచ్చరంగు ముక్కుతో. అతను దానివైపు కనీసం చూడలేదు. నాకు తెలుసు, నమ్మండి, అన్నాడు అంతే. జీవితంలో ఎవరినీ ఊరికే నమ్మమని అడగని జోగి అప్పుడు అలా అడిగాడు. ఎవరూ నమ్మలేదు. ఒక్కొక్కరే వెనక్కి తిరుగుతున్నారు. నేను చెప్పేద్దునా అనుకుంటూనే ఉన్నాను, కానీ చెప్పాల్సిన మాట నాది కాదు.

అప్పుడు మంగాయమ్మ గొంతు వినిపించింది. ఎప్పుడు వచ్చిందో, టీ కొట్టు పక్కన నిలబడి ఉంది.

“నా బండి సూసుకోండి. ఒకే జత మూసి ఇన్నేళ్లు నడిపినాను. అమాసలకి కూడా నడిపినాను.”

ముసలాయన ఒకడు చెంపలు వేసుకున్నాడు. ఆమె కొంగు భుజం మీదికి లాక్కుని, ఎవరేమంటారో విందామని వచ్చినదానిలాగే నిలబడింది. ముందు కదిలింది రత్నం. జోగి ముఖాన తలుపు వేసిన రత్నం జనాన్ని తోసుకుంటూ ఆమె దగ్గరికి వెళ్లాడు.

“ఏ రెండు మూసినావు, వదినా?” అన్నాడు.

ఒకటీ ఆరూ అని ఆమె చెప్పేలోపే ఇద్దరు బానెట్టు ఎత్తారు, ఒకడు రాగి గొట్టం పట్టుకుని ఎటు పోతోందో చూస్తున్నాడు, ఊ సాన్ ట్వే తన పెట్రోలు కథ మొదలుపెట్టాడు. చెంపలు వేసుకున్న ముసలాయన కూడా కళ్లజోడు సవరించుకుని వంగాడు. అమావాస్య ఊసు ఎవరూ ఎత్తలేదు.

జోగి మాత్రం ఇంజిను దగ్గరికి వెళ్లలేదు. మంగాయమ్మ పక్కకి వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు ఏదో అడగాలనుకుని మొహమాటపడుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. చివరికి గొంతు తగ్గించి, అమాసనాడు రోడ్డు ఎలాగుంటాది వదినా, అన్నాడు.

“కాళీగా ఉంటాది,” అందామె.